యుద్ధ విమానం ఎంత అరిగిందో ఫ్లైట్ డేటాతో లెక్క కట్టడం ఎలా

ఒకే నెలలో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రెండు యుద్ధ విమానాలు చెరో 2000 గంటలు ఎగిరాయి అనుకోండి. ఒకటి ఎప్పుడు చూసినా డాగ్‌ఫైట్ (గాల్లో దగ్గరి పోరు) శిక్షణలోనే తిరిగింది, రెండోది ఎక్కువగా గస్తీకి, దూరప్రయాణాలకు వెళ్లింది. లాగ్‌బుక్‌లో రెండింటి వయసూ ఒకటే. రెక్క మొదట్లో, అంటే విమానానికి అతుక్కునే చోట ఉన్న లోహం సంగతికొస్తే మాత్రం మొదటిది రెండోదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ అలసిపోయి ఉంటుంది. మరి గంటలు కాకపోతే దేన్ని చూసి లెక్క కట్టాలి, ఆ లెక్క ఎక్కడెక్కడ తప్పుతుంది అన్నది ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఫ్లీట్ మానిటరింగ్ పనిలో కొత్తగా చేరినవాళ్లను, స్క్వాడ్రన్‌లో మెయింటెనెన్స్ చూసేవాళ్లను, ఈ రంగంలోకి రావాలనుకునే ఇంజినీరింగ్ విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా.

ముందే ఒక మాట. ఫార్ములాలు అంత కష్టమేమీ కావు, ఒక వారం కుదురుగా కూర్చుంటే వచ్చేస్తాయి. ప్రాణం తీసేదంతా డేటానే. రాకుండా పోయిన డేటా, తప్పుగా వచ్చిన డేటా, ఏ విమానానిదో తెలియని డేటా. మీ టైమ్‌లో ఎక్కువ భాగం అక్కడే పోతుంది, పోవాలి కూడా.

1. ఏ చోట్లను కాపలా కాయాలో ముందు రాసుకోండి

విమానం మొత్తాన్ని ఎవరూ మానిటర్ చేయలేరు. ఎక్కడ పగిలితే విమానం పోతుందో ఆ చోట్లను ఎంచుకుంటారు. రెక్కను ఫ్యూజ్‌లాజ్‌కు (విమానం మొండేనికి) పట్టి ఉంచే ఫిట్టింగులు, ప్రధాన బల్క్‌హెడ్‌లు (లోపలి అడ్డు చట్రాలు), తోక అతుకులు, ల్యాండింగ్ గేర్ బిగించే చోట్లు లాంటివి. ఈ జాబితాను ఊహించి రాయకూడదు. పూర్తి విమానాన్ని రిగ్‌లో పెట్టి ఏళ్ల తరబడి లోడ్‌లు వేసే ఫెటీగ్ టెస్ట్ రిపోర్టు నుంచి, ఇప్పటికే సర్వీసులో దొరికిన పగుళ్ల రికార్డుల నుంచి తీయాలి.

తర్వాత ఒక్కో చోటు పక్కన, దాన్ని అరగదీసే లోడ్ ఏమిటో రాయండి. రెక్క మొదటికైతే పైలట్ లాగే జీ (భూమ్యాకర్షణకు ఎన్ని రెట్ల లోడ్ పడుతోందో చెప్పే కొలత), ఆ క్షణాన విమానం బరువు. ల్యాండింగ్ గేర్‌కు నేలను తాకే వేగం. కాక్‌పిట్ గోడలకు గాలి ఒత్తిడి ఎక్కడం, దిగడం. నిలువు తోక సంగతి వేరే. ఎఫ్/ఎ-18 హార్నెట్‌లో ఇది బాగా బయటపడింది. రెక్క ముందు భాగం ఫ్యూజ్‌లాజ్ వెంట పొడవుగా సాగి ఉంటుంది కదా, విమానం ముక్కు బాగా పైకెత్తినప్పుడు అక్కడ పుట్టే సుడిగాలులు వెనక్కి వచ్చి జంట తోకల మీద పగిలేవి. తోక అతుకుల దగ్గర పగుళ్లొచ్చాయి, సుడిని చెదరగొట్టడానికి చిన్న కంచెలాంటి పలకలు బిగించాల్సి వచ్చింది. జీ మీటరును మాత్రమే నమ్ముకుంటే ఈ నష్టం కనబడనే కనబడదు, ఎందుకంటే జీ మామూలుగా ఉన్నప్పుడు కూడా తోక సెకనుకు పదుల సార్లు వణుకుతూ ఉంటుంది. అలాంటి చోట్లకు ముక్కు ఎత్తిన కోణం, వేగంతో పెరిగే ఎదురుగాలి ఒత్తిడి అనే రెండింటిని కలిపి, ఏ గడిలో ఎన్ని సెకన్లు గడిపిందో పట్టిక వేస్తారు.

2. ఏ పరామితులు, సెకనుకు ఎన్నిసార్లు

క్రాష్ రికార్డర్ ఉంది కదా, అందులోంచి తీసుకుందాం అనుకోకండి. అది ప్రమాదం జరిగాక చూడటానికి పెట్టింది. చివరి కొన్ని గంటలు ఉంచుకుని పాతదాని మీద కొత్తది రాసుకుంటూ పోతుంది. మీకు ప్రతి సార్టీ (ఒకసారి ఎగిరి దిగడం) కావాలి, మొదటి నుంచి చివరిదాకా. చాలా విమానాల్లో ఒకే పెట్టె రెండు పనులూ చేస్తుంది, అప్పుడైనా డౌన్‌లోడ్ గడువు మీరే పెట్టుకోవాలి.

కనీసం ఇవి ఉండాలి: నిలువు దిశలో జీ, వేగం, ఎత్తు, ముక్కు కోణం, రోల్ రేటు, కంట్రోల్ సర్ఫేసుల స్థానాలు, మిగిలిన ఇంధనం, రెక్కల కింద ఏం తగిలించారో, చక్రాల మీద బరువు ఉందో లేదో చెప్పే స్విచ్. ఇంజిన్‌కు స్పూల్ (కంప్రెసర్, టర్బైన్ కలిసి తిరిగే భాగం) వేగాలు, టర్బైన్ ఉష్ణోగ్రత, థ్రాటిల్ స్థానం, ఆయిల్ ఒత్తిడి, వైబ్రేషన్, బయటి గాలి ఉష్ణోగ్రత. ఆధునిక విమానాల్లో వీటిలో చాలావరకు మిల్-ఎస్‌టీడీ-1553 డేటా బస్ (పరికరాలు డేటా పంచుకునే తీగ, అమెరికా మిలిటరీ ప్రమాణం) మీద ముందే తిరుగుతుంటాయి, కొత్త తీగలు లాగాల్సిన పని ఉండదు.

ఇంధనం, తగిలించిన బరువులు ఎందుకంటే, 5 జీ అన్న అంకె ఒక్కటే ఏమీ చెప్పదు. 12 టన్నుల బరువుతో 5 జీ లాగితే రెక్కలు 60 టన్నులు మోస్తాయి. ఇంధనం అయిపోయి 9 టన్నులకు వచ్చాక అదే 5 జీ అంటే 45 టన్నులు. నష్టం సుమారుగా స్ట్రెస్ (లోహం లోపల పుట్టే ఒత్తిడి) 5వ ఘాతంతో పెరుగుతుందని పట్టుకుంటే (పదార్థాన్ని బట్టి ఈ ఘాతం మారుతుంది) మొదటి లాగుడు రెండోదానికంటే 4.2 రెట్లు ఎక్కువ తినేస్తుంది. రెక్కల్లోనే ఉన్న ఇంధనం కొంత వంపును తగ్గిస్తుంది కాబట్టి అసలు లెక్క ఇంకొంచెం మెలికగా ఉంటుంది, ఆ సవరణ డిజైన్ వాళ్ల దగ్గర తీసుకోండి.

సెకనుకు ఎన్ని శాంపిళ్లు అన్నది చాలామంది తేలిగ్గా తీసుకునే విషయం. ఒక కదలికలో మీరు 8 శాంపిళ్లు తీస్తే, అదృష్టం బాగోలేనప్పుడు శిఖరం రెండు శాంపిళ్ల మధ్య పడి 7.6 శాతం దాకా తగ్గి కనిపిస్తుంది. 7.6 శాతమే కదా అనుకోకండి, 5వ ఘాతంలో పెడితే నష్టంలో మూడో వంతు మాయం. 20 శాంపిళ్లు తీస్తే తప్పు 1.2 శాతానికి దిగుతుంది. అందుకే నెమ్మదిగా కదిలే జీకి సెకనుకు 10 నుంచి 20 సరిపోయినా, వణికే తోక మీద స్ట్రెయిన్‌కు (లోహం ఎంత సాగిందన్న కొలతకు) వందల్లో కావాలి. ఇంధనానికి సెకనుకు ఒకటి చాలు.

3. స్ట్రెయిన్ గేజ్ పెట్టాలా వద్దా

జీ, వేగం, బరువు నుంచి స్ట్రెస్‌ను లెక్కించడం ఒక దారి. ఆ చోట గేజ్ (స్ట్రెయిన్‌ను కొలిచే చిన్న సెన్సర్) అంటించి నేరుగా కొలవడం ఇంకో దారి. నా ఓటు రెండూ కలిపి వాడటానికే. గేజ్ నిజం చెబుతుంది, కానీ ఊడుతుంది, తడుస్తుంది, నెమ్మదిగా జారుతుంది. పరామితుల లెక్క అంత కచ్చితం కాదు, కానీ అది ఊడదు.

గేజ్ పెడితే పగులు వచ్చే అంచు మీదే పెట్టకండి. అక్కడ ఒక మిల్లీమీటరు పక్కకు జరిగినా రీడింగ్ మారిపోతుంది. స్ట్రెస్ సాఫీగా ఉన్న దగ్గరి చోట అంటించి, అక్కడి నుంచి ప్రమాదకరమైన అంచుకు ఎంత గుణించాలో ఫెటీగ్ టెస్ట్ నుంచి, కంప్యూటర్ మోడల్ నుంచి తెచ్చుకోండి. ప్రతి గేజ్‌కూ ఒక రిఫరెన్స్ పరిస్థితి పెట్టండి, ఉదాహరణకు ఫలానా ఎత్తులో, ఫలానా వేగంలో, ఫలానా బరువుతో ఫలానా జీ. అది వచ్చిన ప్రతిసారీ రీడింగ్ తీసి గ్రాఫ్ వేయండి. గీత మెల్లగా వాలుతుంటే జారుతోంది అని అర్థం, ఒక్కసారిగా మెట్టులా మారితే ఎవరో గేజ్ మార్చారు లేదా దాని పక్కన రిపేరు చేశారు. గేజ్ మార్చిన తేదీ ఖాతాలో (విమానం నష్టం రాసుకునే రికార్డులో) లేకపోతే ఆ రోజు నుంచి మీ అంకెలన్నీ అనుమానమే.

4. డౌన్‌లోడ్, సరిపోల్చడం, ఖాళీలు

ఇక్కడ నిదానంగా చదవండి, ఎందుకంటే ప్రోగ్రాములు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే.

ప్రతి రోజూ లాగ్‌బుక్‌లో ఉన్న సార్టీల జాబితాను, రికార్డర్ నుంచి దిగిన ఫైళ్ల జాబితాను పక్కపక్కన పెట్టి సరిచూడండి. తోక నంబర్ (విమానం గుర్తింపు నంబర్), తేదీ, బయల్దేరిన టైమ్, ఎగిరిన నిమిషాలు కలవాలి. నెలకోసారి చూద్దాంలే అనుకుంటే అప్పటికి మెమరీ మీద కొత్త డేటా పడిపోయి ఉంటుంది, ఎవరిని అడిగినా గుర్తుండదు. రికార్డర్ పెట్టెను ఒక విమానంలోంచి తీసి ఇంకో విమానంలో బిగించినప్పుడు లోపల తోక నంబర్ మార్చకపోవడం అన్నిచోట్లా జరిగేదే. అప్పుడు ఒక విమానం ఒకే టైమ్‌లో రెండు చోట్ల ఎగిరినట్టు కనిపిస్తుంది, ఇంకోటి నేల మీదే కూర్చున్నట్టు కనిపిస్తుంది. సరిపోల్చే అలవాటు ఉంటే ఇది మర్నాడే దొరికిపోతుంది.

ఫైల్ దిగని సార్టీని ఏం చేయాలి? సున్నా అని మాత్రం వదలకండి. డేటా లేదంటే నష్టం లేదని కాదు కదా. ఆ సార్టీ ఏ రకమో (డాగ్‌ఫైట్, బాంబింగ్, నేవిగేషన్, టెస్ట్ ఫ్లైట్) లాగ్‌బుక్ చెబుతుంది. అదే రకం సార్టీల్లో దొరికిన నష్టాలన్నీ వరసలో పెట్టి, సగటు కాకుండా పైవైపు విలువ తీసుకోండి. నూటికి తొంభై సార్టీలు దానికి కిందే ఉండే విలువ అనుకోండి. ఇలా చేస్తే ఇంకో మేలు కూడా ఉంది, డేటా పోగొట్టుకున్న స్క్వాడ్రన్ విమానాల ఆయుష్షు ఖాతాలో త్వరగా కరుగుతుంది, దాంతో డౌన్‌లోడ్ మీద వాళ్లకే శ్రద్ధ పుడుతుంది. బ్రిటిష్ మిలిటరీ డిజైన్ ప్రమాణాల్లోనూ ఇదే ఆలోచన ఉంది: లోడ్‌లను మానిటర్ చేసే చోట టెస్ట్‌లో వచ్చిన ఆయుష్షును 3.33తో భాగిస్తే, మానిటర్ చేయని చోట ఇంకో ఒకటిన్నర రెట్లు కలిపి 5తో భాగిస్తారు. అంటే తెలియనితనానికి ఆయుష్షులో మూడో వంతు కట్టాల్సి వస్తోంది.

నింపిన సార్టీలకు, కొలిచిన సార్టీలకు ఖాతాలో వేర్వేరు గుర్తు పెట్టండి. ఒక విమానం నష్టంలో ఎంత శాతం కొలిచింది, ఎంత శాతం అంచనా అన్నది మీ నెలవారీ రిపోర్టులో మొదటి పేజీలో ఉండాలి.

5. డేటాను కడగడం

ఒకే ఒక్క శాంపిల్ 9 జీ చూపించి, దానికి ముందూ వెనకా 2 జీ ఉంటే అది నిజం కాదు. అన్ని టన్నుల విమానం అంత వేగంగా మారి తిరిగి రాలేదు. ఇలాంటి ముళ్లను పట్టడానికి మార్పు రేటు మీద హద్దు పెట్టండి, ఇంకో సెన్సర్‌తో పోల్చండి: నిజంగా జీ లాగితే ముక్కు కోణం, పిచ్ రేటు, ఎలివేటర్ స్థానం కూడా కదులుతాయి. ఏదీ కదలకుండా జీ ఒక్కటే ఎగిరితే సెన్సర్ తప్పు. అలాగే 20 నిమిషాలు ఒక్క అంకె మీదే గడ్డకట్టిన సిగ్నల్, నేల మీద ఆగి ఉన్నప్పుడు 1 బదులు 1.3 చూపించే జీ, ఎక్కుతున్న ఇంధనం, ఇవన్నీ ఆటోమేటిక్‌గా పట్టుకునే చిన్న చిన్న పరీక్షలు రాసుకోండి.

అయితే ఫిల్టర్ మరీ గట్టిగా పెట్టి నిజమైన శిఖరాలను కోసేయకండి. పెద్ద జీ కనిపించిన ప్రతిసారీ దాన్ని తీసేసే ముందు ఒక మనిషి గ్రాఫ్ చూడాలి. చూసి తీసేస్తే ఎవరు, ఎందుకు అని ఒక లైన్ రాయాలి.

6. సైకిళ్లు లెక్కపెట్టడం: ఒక ఉదాహరణ

లోహం అలసిపోయేది లోడ్ పైకి, కిందికి మారడం వల్ల. ఒక తీగను వంచి వంచి విరిచినట్టే. కాబట్టి సార్టీ మొత్తాన్ని సైకిళ్లుగా విడగొట్టాలి, దానికి రెయిన్‌ఫ్లో పద్ధతి వాడతారు. జపాన్‌కు చెందిన మత్సుయిషి, ఎండో 1968లో చెప్పింది, ఇప్పుడు ఏఎస్‌టీఎం ఈ1049 ప్రమాణంలో ఉంది.

ముందు సిగ్నల్‌లో మలుపులు మాత్రమే ఉంచండి. ఒక చిన్న సార్టీలో వరసగా ఈ జీ విలువలు వచ్చాయనుకుందాం: 1, 4, 2.5, 6.5, -0.5, 3, మళ్లీ 1. పక్కపక్క వాటిని జతలు కట్టుకుంటూ పోతే అతి పెద్ద లోడ్‌కు, అతి చిన్న లోడ్‌కు ఉన్న సంబంధం తెగిపోయే ప్రమాదం ఉంది. రెయిన్‌ఫ్లోలో అలా కాదు. మొదలూ చివరా ఒకటే 1 కాబట్టి వరసను చుట్టూ తిప్పి అతి పెద్ద శిఖరం దగ్గర మొదలుపెట్టండి: 6.5, -0.5, 3, 1, 4, 2.5, 6.5. ఇప్పుడు పెద్ద మార్పు కడుపులో ఇమిడిపోయిన చిన్న మార్పులను బయటికి తీయండి. 4 నుంచి 2.5కు దిగి మళ్లీ పైకి పోయింది, అది 1.5 వెడల్పున్న ఒక సైకిల్. అది తీసేశాక 3 నుంచి 1కి దిగి మళ్లీ పైకి, 2 వెడల్పుతో ఇంకోటి. మిగిలింది 6.5 నుంచి -0.5, వెడల్పు 7. మొత్తం మూడు సైకిళ్లు.

ఒక్కోదాన్ని 5వ ఘాతంలో వేస్తే 7కు 16807, 2కు 32, 1.5కు దాదాపు 8. ఈ సార్టీ నష్టంలో 99 శాతం పైగా ఒక్క సైకిల్‌దే! పైన 5వ అడుగులో చెప్పిన 9 జీ ముల్లు ఈ సార్టీలో తొలగించకుండా వదిలేస్తే వెడల్పు 9.5 అయి నష్టం 4.6 రెట్లు పెరుగుతుంది. శాంపిల్ రేటు చాలక 6.5ని 6గా చదివితే నష్టం 31 శాతం తగ్గి కనిపిస్తుంది. డేటా గురించి అంతసేపు ఎందుకు చెప్పానో ఇప్పుడు అంకెల్లో చూశారు కదా.

నేల మీద ఉన్నప్పుడు రెక్క కిందికి వాలి ఉంటుంది, గాల్లో పైకి వంగుతుంది. ఈ నేల-గాలి-నేల సైకిల్‌ను కలపడం మర్చిపోకండి. చక్రాలు లేచినప్పటి నుంచి దిగేవరకే డేటా కత్తిరించే సాఫ్ట్‌వేర్‌లో ఇది తప్పిపోతుంది.

7. నష్టాన్ని కూడటం

ఒక్కో సైకిల్ వెడల్పుకు ఆ లోహం ఎన్ని సైకిళ్లు తట్టుకుంటుందో టెస్ట్ గ్రాఫ్ చెబుతుంది. జరిగిన సైకిళ్లను తట్టుకునే సైకిళ్లతో భాగించి అన్నీ కూడితే నష్టం. 1924లో పామ్‌గ్రెన్, 1945లో మైనర్ చెప్పిన ఈ సూత్రం ఇప్పటికీ పనిలో ఉంది. మొత్తం 1 అయితే ఆయుష్షు అయినట్టు, దానిమీద పైన చెప్పిన భద్రతా భాగహారం. పెద్ద లోడ్ ముందు వచ్చిందా తర్వాత వచ్చిందా అన్నది ఈ సూత్రం పట్టించుకోదు, నిజానికి పెద్ద లాగుడు తర్వాత పగులు కొంతసేపు నెమ్మదిగా పెరుగుతుంది. అది కావాలంటే పగులు పెరుగుదల మోడల్‌కు వెళ్లాలి.

ఆ మోడల్ ఎందుకు వచ్చిందో తెలుసుకోవడం అవసరం. 1969 డిసెంబర్‌లో అమెరికా వాయుసేనకు చెందిన ఎఫ్-111 రెక్క గాల్లోనే విరిగింది, అందులో ఉన్న ఇద్దరూ చనిపోయారు. అప్పటికి అది ఎగిరింది సుమారు 100 గంటలే. రెక్కను తిప్పే ఉక్కు ఫిట్టింగ్‌లో తయారీలోనే ఒక లోపం ఉండిపోయింది, తనిఖీల్లో దొరకలేదు. లోహం కొత్తగా, లోపం లేకుండా మొదలవుతుందన్న ఊహ మీద కట్టిన ఆయుష్షు లెక్క అక్కడ పనికిరాలేదు. ఆ తర్వాత అమెరికా వాయుసేన పద్ధతే మారింది: ప్రతి కీలకమైన చోట మొదటి రోజు నుంచే ఒక చిన్న పగులు ఉందనుకో, సాధారణంగా 1.27 మిల్లీమీటర్లు, అది ప్రమాదకరమైన సైజుకు చేరే టైమ్‌లో సగానికే మొదటి తనిఖీ పెట్టు. మిల్-ఎస్‌టీడీ-1530 అనే ప్రమాణంలో ఉన్న ప్రోగ్రాముకు పునాది ఇదే. మీ ఫ్లైట్ డేటా ఇక్కడ చేసే పని, ఆ సగం టైమ్‌ను క్యాలెండర్ మీద కాకుండా ఆ విమానం నిజంగా ఎగిరిన తీరు మీద నిర్ణయించడం.

8. ఇంజిన్‌కు వేరే ఖాతా

ఇంజిన్ డిస్క్‌లను ముఖ్యంగా అరగదీసేది వేగం ఎక్కడం, దిగడం. తిరిగే భాగాల మీద స్ట్రెస్ వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఐడిల్ (ఇంజిన్ కనీస వేగం) నుంచి ఫుల్ థ్రాటిల్‌కు వెళ్లి రావడం పెద్ద సైకిల్, క్రూయిజ్ నుంచి వెళ్లి రావడం చిన్నది. ఎఫ్-15, ఎఫ్-16లలో వాడే ఎఫ్100 ఇంజిన్‌కు ఒక సులువైన లెక్క ఉంది. స్టార్ట్ చేసి ఫుల్‌కు తీసుకెళ్లి ఆపితే 1. ఐడిల్-ఫుల్-ఐడిల్ ఒక్కోటి నాలుగో వంతు. క్రూయిజ్-ఫుల్-క్రూయిజ్ ఒక్కోటి నలభయ్యో వంతు.

ఒక డాగ్‌ఫైట్ సార్టీలో పైలట్ 12 సార్లు ఐడిల్ నుంచి, 30 సార్లు క్రూయిజ్ నుంచి ఫుల్‌కు వెళ్లాడనుకోండి. 1 + 3 + 0.75, మొత్తం 4.75. అంతే సేపు ఎగిరిన ఒక ట్రాన్స్‌ఫర్ ఫ్లైట్‌లో ఒకసారి ఐడిల్ నుంచి, రెండుసార్లు క్రూయిజ్ నుంచి అయితే 1.3. గంటలు ఒకటే, ఖర్చు మూడున్నర రెట్లు. జట్టుగా ఎగిరినప్పుడు కూడా ఇంతే, ముందున్న లీడర్ థ్రాటిల్ నిలకడగా ఉంటుంది, పక్కన స్థానం నిలబెట్టుకోవాల్సినవాళ్లు అస్తమానం ముందుకూ వెనక్కూ జరుపుతుంటారు. ఎప్పుడూ వింగ్‌మ్యాన్‌గానే వెళ్లే విమానం ఇంజిన్ ముందు అయిపోతుంది.

బ్లేడ్‌ల సంగతి వేరు. ఎక్కువ వేడిలో ఎక్కువసేపు లాగుడు పడితే అవి నెమ్మదిగా సాగుతాయి, అందుకే ఏ ఉష్ణోగ్రతలో ఎన్ని నిమిషాలు గడిపిందో గడులు గడులుగా రాయాలి. ఉష్ణోగ్రత కాస్త పెరిగినా ఆయుష్షు చాలా పడిపోతుంది, కాబట్టి ఉష్ణోగ్రత సెన్సర్ క్యాలిబ్రేషన్‌ను నిర్లక్ష్యం చేయకండి.

ఆయుష్షు లెక్క కాకుండా రోజువారీ ఆరోగ్యం కోసం ట్రెండ్ చూడండి. టేకాఫ్‌లో ఇంజిన్ స్థిరపడ్డాక ఒక స్నాప్‌షాట్ తీసి, బయటి ఉష్ణోగ్రతకు సవరించండి. కెల్విన్‌లో ఉన్న బయటి ఉష్ణోగ్రతను 288.15తో భాగించి వచ్చిన నిష్పత్తితో టర్బైన్ ఉష్ణోగ్రతను (అదీ కెల్విన్‌లోనే) భాగించాలి, స్పూల్ వేగాన్ని ఆ నిష్పత్తి వర్గమూలంతో భాగించాలి. ఈ సవరణ లేకుండా గ్రాఫ్ వేస్తే ఎండాకాలంలో ఇంజిన్లన్నీ చెడిపోయినట్టు, చలికాలంలో బాగుపడినట్టు కనిపిస్తాయి. సవరించాక కూడా ఒకే వేగానికి ఉష్ణోగ్రత వారాల తరబడి ఎక్కుతుంటే కంప్రెసర్ మురికి పట్టిందో, సీళ్లు అరిగాయో, బ్లేడ్‌లు దెబ్బతిన్నాయో చూడాలి. కంప్రెసర్ కడిగాక గీత కిందికి దిగితే మురికే.

ఆయిల్ శాంపిల్ ఇంజిన్ ఆపిన వెంటనే, వేడిగా ఉన్నప్పుడే, ఎప్పుడూ ఒకే చోటి నుంచి, కొత్త ఆయిల్ పోయకముందే తీయండి. ఇనుము ఎంత ఉంది అన్నదానికంటే గంటకు ఎంత పెరుగుతోంది అన్నదే ముఖ్యం. మొన్న లీటరు కొత్త ఆయిల్ పోస్తే అంకె తగ్గుతుంది, బేరింగ్ బాగుపడి కాదు. ఇనుము, వెండి రెండూ కలిసి లేస్తే బేరింగ్‌ను, దాని వెండి పూత ఉన్న కేజ్‌ను (బంతులను పట్టి ఉంచే చట్రాన్ని) అనుమానించండి. అదే సమయంలో మాగ్నెటిక్ ప్లగ్ (ఆయిల్‌లోని ఇనుప ముక్కలను పట్టే అయస్కాంతం) మీద చిన్న పెచ్చులు, వైబ్రేషన్‌లో మార్పు కూడా కనిపిస్తే ఇంక మీటింగులు అక్కర్లేదు, ఇంజిన్ దించండి.

హెలికాప్టర్ మీద పనిచేసేవాళ్లకు వైబ్రేషనే అసలు భాష. 1986 నవంబర్‌లో స్కాట్లాండ్‌లోని షెట్లాండ్ దీవుల దగ్గర ఒక సివిల్ చినూక్ హెలికాప్టర్ గేర్‌బాక్స్‌లో గేర్ విఫలమై రెండు రోటర్లు ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి, 45 మంది చనిపోయారు. ఇప్పుడు హెలికాప్టర్లలో మామూలైపోయిన హమ్స్ (వైబ్రేషన్‌ను, వాడకాన్ని కనిపెట్టి చూసే) వ్యవస్థలను ముందుకు తోసిన ప్రమాదాల్లో అది పెద్దది.

9. ఖాతా పార్ట్ సీరియల్ నంబర్ మీద

తోక నంబర్ మీద ఖాతా పెట్టుకుంటే మొదటి పెద్ద మరమ్మతుతోనే గందరగోళం. రెక్కలు మారతాయి, తోక పలకలు మారతాయి, ఇంజిన్ మాడ్యూళ్లు ఒక ఇంజిన్ నుంచి ఇంకోదానికి పోతాయి. ఏ పార్ట్ ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ విమానం మీద ఉందో పట్టిక ఉండాలి, నష్టం ఆ పార్ట్ వెంట పోవాలి. చరిత్ర తెలియని పార్ట్ స్టోర్ నుంచి వస్తే, ఫ్లీట్‌లో అందరికంటే ఎక్కువ అరిగినదాని నష్టాన్ని దానికి రాసి బిగించండి, లేదంటే బిగించకండి.

10. అంకెను పనిలో పెట్టడం

అదే రోజు చేయాల్సినవి కొన్ని ఉంటాయి: హద్దు దాటిన జీ, గట్టి ల్యాండింగ్, ఇంజిన్ ఓవర్‌స్పీడ్, ఓవర్‌టెంపరేచర్. ఇవి డౌన్‌లోడ్ అయిన నిమిషాల్లో ఫ్లైట్ లైన్‌కు చేరాలి, తర్వాతి సార్టీకి ముందే తనిఖీ జరగాలి. ఈ డేటాను పైలట్‌ను శిక్షించడానికి వాడతారన్న భయం ఒక్కసారి పుట్టిందంటే జీ దాటినా ఎవరూ చెప్పరు. పైలట్లతో ముందే కూర్చుని, ఏది ఎవరు చూస్తారు, దేనికి వాడతారు అన్నది తేల్చుకోండి.

నెలకోసారి చేసేది, విమానాలను సర్దడం. ఖాతాలో ముందుకు దూసుకుపోతున్నవాటిని కొన్నాళ్లు నేవిగేషన్‌కు, గస్తీకి పంపండి, మిగిలి ఉన్నవాటిని డాగ్‌ఫైట్‌కు తీయండి. అన్నీ ఒకేసారి వర్క్‌షాప్‌కు చేరకుండా చూసుకోవచ్చు. స్క్వాడ్రన్ వాళ్లకు దశాంశాలు పంపకండి, "ఈ విమానం ఇలాగే ఎగిరితే తనిఖీ ఫలానా నెలకు వస్తుంది" అని పంపండి.

ఖాతా బాగుంది కదా అని తనిఖీలు మాత్రం తగ్గించకండి. 2007 నవంబర్‌లో మిస్సోరీలో శిక్షణలో ఉన్న ఎఫ్-15 ముక్కు భాగం కాక్‌పిట్ వెనక విరిగి రెండు ముక్కలైంది, పైలట్ గాయాలతో బయటపడ్డాడు. విరిగిన లాంజరాన్ (మొండెం వెంట పొడవునా సాగే లోహపు దూలం) డ్రాయింగ్‌లో ఉన్నదానికంటే పల్చగా తయారైందని తేలింది. ఎంత మంచి జీ డేటా ఉన్నా, లోహం ఎంత మందం ఉందో అది చెప్పదు. వాడకాన్ని మీ డేటా చూస్తుంది, వస్తువును చూడటానికి ఎడ్డీ కరెంట్ ప్రోబ్ (విద్యుత్తుతో లోహంలోని పగుళ్లను వెతికే పరికరం) పట్టుకున్న మనిషి కావాలి.

రిటైరైన విమానం దొరికితే స్క్రాప్‌కు పోనివ్వకుండా కీలకమైన చోట్లు కోయించి, మైక్రోస్కోప్ కింద పగుళ్లు కొలిపించండి. ఖాతాలో మీరు రాసిన నష్టంతో పోల్చండి. ఖాతా ఎక్కువ చెబితే ఫ్లీట్‌కు కొంత ఆయుష్షు తిరిగి ఇవ్వొచ్చు, తక్కువ చెబితే అన్ని విమానాల లెక్కా మళ్లీ వేయాలి. మళ్లీ వేయాలంటే కూడిన నష్టాల పట్టికలు ఉంటే చాలదు, మొదటి రోజు నుంచి ఉన్న ముడి డేటా కావాలి, ఏ సాఫ్ట్‌వేర్ వెర్షన్‌తో దేన్ని చదివారో కూడా కావాలి. కాబట్టి స్టోరేజ్ నిండిందని పాత ఫైళ్లు తీసేయమని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. రెండు వేర్వేరు చోట్ల కాపీలు ఉంచండి, ఏడాదికోసారి పాత ఫైల్ ఒకటి తెరిచి, చదవగలుగుతున్నారో లేదో చూడండి.